బిళ్ల బాబాయ్ సొట్ట బల్ల

బిళ్ల బాబాయ్‌ని ఓడించడం మానవమాత్రుల వల్ల కాదని ఎగ్జిబిషను మైదానంలో జెయింట్ వీల్ తిప్పే మనిషి దగ్గర్నుంచి గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి దాకా అందరికీ తెలుసు. కరెంటు బిల్లు మీద ఆయనకో పేరు ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుని ఆయన కూడా వెనక్కి తిరిగి చూస్తాడు. అందరికీ ఆయన బిళ్ల బాబాయ్, ఆయన భార్య పిన్ని. మైదానం మేనేజరు ఆయనకంటే వయసులో పెద్దవాడు. అయినా బాబాయ్ అనే అంటాడు.

ఆయన స్టాల్లో ఉండేది ఒక్కటే బల్ల. గుండ్రంగా, ఇద్దరు మనుషులు చేతులు చాచినా చుట్టుకు రానంత పెద్దది. పైన నున్నటి పలక, పలక నిండా సూదిమొన పట్టేంత రంధ్రాలు. కింద బ్లోయరు తిరుగుతుంటే ఆ రంధ్రాల్లోంచి గాలి పైకి తన్నుకొస్తుంది. దాని మీద అరచేతి అంత ప్లాస్టిక్ బిళ్ల పెడితే పలకకి అంటీ అంటనట్టు తేలుతుంది, వేలితో తోస్తే జర్రున జారిపోతుంది. బల్ల చుట్టూ ఇనుప కట్టు, కట్టుకి లోపలివైపు రబ్బరు. ఆ కట్టులో ఒక్కచోట జానెడు సందు. తోసిన బిళ్ల కట్టుకి తగిలి, వెనక్కొచ్చి, మరోచోట తగిలి, ఎప్పటికో ఆ సందులోంచి బయటపడి కింద కట్టిన వలలో పడుతుంది. ఆటల్లా అదే. మీరొక బిళ్ల తొయ్యాలి, తర్వాత బాబాయ్ ఒక బిళ్ల తోస్తాడు. ఎవరి బిళ్ల ఎక్కువ దెబ్బలు తింటూ లోపల ఉంటే వాళ్లు గెలిచినట్టు. దెబ్బలు పైకి లెక్కపెట్టడం పిన్ని పని. బాబాయ్‌ని గెలిస్తే పైన వేలాడే నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ మీదే. ఆ ఎలుగుబంటి ఎన్నేళ్లుగా వేలాడుతోందంటే, పిన్ని దాన్ని ఏటా ఉతికి ఆరేస్తుంది, ఒక కన్ను ఊడిపోతే చొక్కా గుండీ కుట్టింది.

బాబాయ్ మొదట్లో మోటార్లకి తీగ చుట్టే షాపులో పనివాడు. కాలిపోయిన మోటార్లు విప్పడం, మాడిన తీగ పీకడం, కొత్త తీగ చుట్టడం. ఒకరోజు ఒక ముసలాయన బ్లోయరు మోటారు తెచ్చి బాగు చేసిపెట్టమన్నాడు. బాగు చేశాక, అది సరిగ్గా తిరుగుతోందో లేదో చూద్దామని ఈయన ముసలాయన వెంటే స్టాలుకి వెళ్లాడు. బల్ల మీద బిళ్ల తేలడం చూశాడు. అంతే, మళ్లీ షాపు మొహం చూస్తే ఒట్టు. ముసలాయన చేతులు వణకడం మొదలయ్యాక బల్ల ఈయన చేతికొచ్చింది. పెళ్లయిన కొత్తలో పిన్ని, "ఇంతకీ మీరు చేసే పనేంటండీ?" అని అడిగితే, "గాలి అమ్ముతాను" అన్నాడట. "కొనేవాళ్లున్నారా?" అందట ఆవిడ. ఆ ప్రశ్న ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

రోజూ స్టాలు తెరిచేముందు పిన్ని సూది పట్టుకుని ఒక్కో రంధ్రంలో పేరుకున్న దుమ్ము పొడుస్తుంది. బాబాయ్ బల్ల మధ్యలో మేకు నిలబెట్టి, దానికి దారం కట్టి, దారం కొసని కట్టు వెంట చుట్టూ తిప్పుకొస్తాడు. ఎక్కడైనా దారం కాస్త వదులైనా, కాస్త బిగిసినా చెక్కసుత్తితో ఒక చిన్న దెబ్బ. ఆ గుండ్రాన్ని ఆయన కంటికి రెప్పలా కాపాడుకున్నాడు. ఎందుకంటే ఆయన గెలుపంతా అందులోనే ఉంది. ఒకేచోట నిలబడి ఒకే వాలులో తోస్తే ఆయన బిళ్ల మూడంటే మూడుచోట్ల తగిలి, మొదలెట్టిన చోటికే వచ్చేది. మళ్లీ అవే మూడుచోట్లు. మళ్లీ అవే. సందు జోలికి పోతే కదా బయటపడడానికి! అలసిపోయి ఆగేదాకా లోపలే తిరిగేది. అది తిరుగుతున్నంతసేపూ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఆటకొచ్చిన మనిషితో ఎండల గురించి మాట్లాడేవాడు. పిన్ని కాసేపు లెక్కపెట్టి, ఆ తర్వాత ఆవులించేది.

చూసినవాళ్లు మొదటిసారి నోరెళ్లబెట్టారు. రెండోసారి నవ్వి ఊరుకున్నారు. మూడోసారి అటుగా వచ్చినవాళ్లే లేరు. ఓడిపోతామని తెలిసి తెలిసి ఎవరు మాత్రం వస్తారు? ఈ చిన్న విషయం ఆయనకి తప్ప లోకమంతటికీ అర్థమైంది.

వానాకాలం పోయి ఎగ్జిబిషను మళ్లీ తెరవబోయే వారం మేనేజరు వచ్చి, స్టాలు ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమనుకోకు బాబాయ్. నిరుడు చూశాను, అంతకుముందేడూ చూశాను. నీ దగ్గర ఈగలు తోలుకోవడం తప్ప ఇంకేం లేదు. ఈసారి మొదటి ఆదివారం సాయంత్రం వస్తా. నీ బల్ల చుట్టూ జనం ఉంటే సరే. లేకపోతే ఈ చోటు తెర మీద వీడియో ఆటలు ఆడించేవాళ్లకి ఇచ్చేస్తా. నా నెత్తి మీద కూడా పెద్దవాళ్లున్నారు మరి."

"జనానికి ఆడడం చేతకాకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు బాబాయ్.

పైకి అలా అన్నాడు గానీ, ఆ మాట విన్నప్పట్నుంచీ ఆయనకి ముద్ద దిగలేదు. ఈ చోటు పోతే బల్ల పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. తీగ చుట్టే పనికి పోదామంటే కళ్లు ఆనవు. అన్నిటికీ మించి, బల్ల లేకపోతే తనెవరో ఆయనకే తెలియదు. ఈసారి ఇంకా బాగా ఆడి జనాన్ని అదరగొడతాను, వాళ్లే పరిగెత్తుకొస్తారు అని మనసులో గట్టిగా అనుకున్నాడు. చూడండి, మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో!

తీరా గోదాములోంచి కట్టు బయటికి తెచ్చి బల్లకి బిగించబోతే గుండె ఆగినంత పనైంది. కట్టుకి ఒక పక్క, సందుకి ఎదురుగా, బారెడు మేర చదునుగా అణిగిపోయింది. మొత్తం బల్ల ఒక పక్క కొరికేసిన బిస్కెట్టులా ఉంది.

ఇందులో తప్పు ఎవరిదో చెప్పుకోవాలి. వానలకి ముందు కట్టు విప్పినప్పుడు పిన్ని పడుకోబెడదామంది. "పడుకోబెడితే ఎవడో ఒకడు తొక్కుతాడు, నిలబెట్టాల్సిందే" అని బాబాయ్ ఒంటికాలి మీద లేచాడు. నిలబెట్టారు. ఎవరూ తొక్కలేదు, ఆ మాట నిజమే. కాకపోతే జెయింట్ వీల్ వాళ్లు తమ ఇనుప కుర్చీలన్నీ తెచ్చి దాని మీదే పేర్చారు. ఆ బరువు మోసి మోసి నేలకి ఆనిన పక్క అణిగిపోయింది.

"పడుకోబెడదామన్నాను" అంది పిన్ని.

"అన్నావులే."

"గట్టిగానే అన్నాను."

"ఏమే, ఇప్పుడు నా ప్రాణం తియ్యకు!"

రేకుల మేస్త్రి దగ్గరికి పరిగెత్తాడు. మేస్త్రి కట్టుని చూసి, చెవి వెనక బీడీ సర్దుకుని, ఆదివారం గానీ కుదరదన్నాడు. "పొద్దున్నే వస్తా. అరగంటలో చందమామలా చేసిపెడతా" అన్నాడు. బాబాయ్ కాళ్లావేళ్లా పడ్డా కదల్లేదు. చేసేదేముంది, ఆ సొట్ట కట్టే బిగించి స్టాలు తెరిచారు.

మొదటి సాయంత్రమే వచ్చింది ఆ దర్జీ ఆవిడ. భుజాన బట్టల సంచి, మెడలో కొలతల టేపు, ఎవరింటికో కుట్టిన బట్టలు ఇచ్చి ఇంటికి పోతూ కాసేపు ఆగింది. ఎలుగుబంటి కన్ను వంక చూసి, "ఆ గుండీ ఎవరు కుట్టారో గానీ దారం తప్పు వేశారు" అంది. ఆ తర్వాత బిళ్ల పట్టుకుని, ఎటు తోస్తోందో కూడా చూడకుండా తోసేసింది. అది గుండ్రటి పక్క తగిలింది, చదును పక్క తగిలింది, అక్కణ్నుంచి ఎవరూ అనుకోని వైపు తిరిగింది. సందు దాకా వచ్చి, అంచుకి కొట్టుకుని మళ్లీ లోపలికి పోయింది. పిన్ని లెక్కపెడుతూ కుర్చీలోంచి లేచి నిలబడింది. చివరికి బిళ్ల వలలో పడేసరికి పిన్ని గొంతు బొంగురుపోయింది.

బాబాయ్ చిరునవ్వు నవ్వి, తన చోట నిలబడి, తన వాలులో తోశాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బ ఆ చదును మీద పడింది. బిళ్ల తిన్నగా సందులోంచి బయటికి నడిచిపోయింది, ఎవరో పిలిచినట్టు.

ఆవిడ ఎలుగుబంటిని సంచి పక్కన చంకలో ఇరికించుకుని వెళ్లిపోయింది. బాబాయ్ బ్లోయరు ఆపేసి, స్టాలు వెనక డబ్బా మీద కూలబడ్డాడు. పిన్ని మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"బొమ్మ పోయిందనా ఈ దిగులు?"

"బొమ్మ పోతే పోయింది. నా పరువు పోయింది. ఎటు తోస్తోందో కూడా చూడని మనిషి చేతిలో ఓడిపోయాను."

"ఇన్నేళ్లూ మీరు గెలిచింది మాత్రం ఎవరి మీదండీ? దారినపోయేవాళ్ల మీద. మన పిల్ల చిన్నప్పుడు స్టూలెక్కి ఆడితే దాని మీద కూడా గెలిచారు. ఏడ్చుకుంటూ పోయింది. మళ్లీ ఈ బల్ల ముట్టుకోలేదు అది."

"ఆటంటే ఆటే. పిల్లయినా, పెద్దయినా."

"అది ఆటెలా అవుతుంది? ఏం జరగబోతోందో మీకు ముందే తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్లూ ఆవులిస్తూ కూర్చున్నాను. ఇవాళ ఆవిడ బిళ్ల తిరుగుతుంటే నా గుండె నోట్లోకి వచ్చింది తెలుసా!"

బాబాయ్ చురచురా చూశాడు. "అయితే నేను ఓడిపోతే నీకు సంబరంగా ఉందన్నమాట."

"ఉంది," అంది పిన్ని, "అబద్ధం ఎందుకు?"

ఆయనకి ముక్కు మీద కోపం, అది అందరికీ తెలిసిందే. గ్లాసు నేలకేసి కొట్టేవాడే, కానీ అది స్టీలు గ్లాసు, కొట్టినా పగలదు. అందుకని పక్కన పెట్టాడు. "ఆదివారం మేస్త్రి వచ్చి సరిచేస్తాడు. అప్పుడు చూద్దువుగాని. అప్పటిదాకా పళ్లబిగువున ఆడతా" అన్నాడు.

దర్జీ ఆవిడకి ఊళ్లో సగం మంది కొలతలు తెలుసు. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఎలుగుబంటిని చూపించింది. మర్నాడు సాయంత్రానికి స్టాలు ముందు మనుషులు. పిన్ని ఎలుగుబంటి చోట బుడగలు కట్టింది గానీ, బుడగలు ఎవరిక్కావాలి? వాళ్లకి కావాల్సింది ఓడిపోయినప్పుడు బాబాయ్ మొహం. ఆయన కొన్ని గెలిచాడు, ఎక్కువ ఓడాడు. ఓడినప్పుడల్లా "ఛ, ఛ, మళ్లీ తొయ్యండి" అని కేకలు పెట్టాడు. ఆ కేకలకి ఇంకో పదిమంది మూగారు.

శనివారం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడం ఒకావిడ వచ్చి, ఆడి, ఓడిపోయి, అక్కడే నిలబడి చాలాసేపు చూసింది. బాబాయ్ చేతిలో బిళ్లని అటూ ఇటూ తిప్పుతూ తనలో తాను గొణుక్కుంటున్నాడు. "అదే చోటు, అదే వాలు. ఒకసారి ఇటు పోతుంది, ఒకసారి అటు పోతుంది. నా చేతికే ఏదో అయింది."

"చేతికేం కాలేదండీ," అంది మేడం. "కట్టు గుండ్రంగా ఉన్నంతకాలం బిళ్ల ఎన్నిసార్లు తగిలినా ఒకే వాలులో తగులుతుంది. మీ చేతిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ తేడా నెమ్మదిగానే పెరుగుతుంది. అందుకే దాన్ని సందుకి దొరక్కుండా తిప్పగలిగారు. ఇప్పుడీ చదును పక్క వచ్చింది కదా, వాలు మారిపోతూ ఉంటుంది. వెంట్రుకవాసి తేడా కాస్తా నాలుగు దెబ్బలకి వేలెడు అవుతుంది, ఇంకో నాలుగు దెబ్బలకి జానెడు."

"అయితే మీకు తెలుసన్నమాట. ఇప్పుడు తోస్తాను, ఎటు పోతుందో చెప్పండి."

ఆవిడ పకపకా నవ్వింది. "తెలిస్తే ఇందాక ఓడిపోతానా? ఒక్కటి మాత్రం చెప్పగలను. గుండ్రటి కట్టులో అయితే కొన్ని బిళ్లలు ఎంత తిరిగినా తలుపు దొరక్క లోపలే ఉండిపోతాయి. ఇందులో అలా కాదు. దాదాపు ప్రతిదానికీ ఎప్పుడో ఒకప్పుడు సందు దొరుకుతుంది. ఎప్పుడన్నది మాత్రం ఎవరికీ తెలియదు."

ఆవిడ మళ్లీ వరసలో నిలబడడానికి వెళ్లింది. బాబాయ్ ఆ మాటలు నమ్మలేదు. మైదానంలో జనం పలచబడ్డాక ఒక్కడే నిలబడి, ఒకే చోటు నుంచి బిళ్ల మీద బిళ్ల తోశాడు. ఒకటి అటు, ఒకటి ఇటు. ఒకటి రెండు దెబ్బలకే వలలో పడింది, ఇంకోటి ఎంతకీ బయటికి రాలేదు. ఆ ఎంతకీ రానిదాని వెంట ఆయన తెలియకుండానే బల్ల చుట్టూ తిరగడం మొదలెట్టాడు. పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఇంటికి పోయే దారిలో ఆయన, "ఆ చివరిది చూశావా? సందు పక్కనుంచి ఎలా తప్పించుకుందో!" అన్నాడు. తను అన్నది తనకే వినిపించి, వెంటనే దగ్గాడు.

ఆదివారం పొద్దున్న మేస్త్రి రాలేదు. మధ్యాహ్నమూ రాలేదు. మేస్త్రులు చెప్పిన వేళకి వస్తే లోకం ఇలా ఎందుకుంటుంది? బాబాయ్ కాలుకాలిన పిల్లిలా గేటుకీ స్టాలుకీ తిరిగాడు. సాయంత్రానికి బల్ల చుట్టూ మనుషులు, మనుషుల వెనక వరస, వరస జెయింట్ వీల్ దాకా పోయింది. జెయింట్ వీల్ తిప్పే మనిషి, "మీవాళ్లు నా మెట్ల మీద నిలబడుతున్నారు" అని గొడవకొచ్చి, ఒక ఆట ఆడిపోయాడు.

అప్పుడొచ్చాడు మేనేజరు. వరసని చూశాడు, బాబాయ్‌ని చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, "నేనూ ఓసారి తొయ్యచ్చా?" అన్నాడు. మేనేజరని వరస దారిచ్చింది.

ఆయన బిళ్ల బాగానే తిరిగింది. పిన్నితో పాటు జనమంతా లెక్కపెట్టారు. అది వలలో పడగానే ఈలలు వేశారు. బాబాయ్ బిళ్ల తీసుకుని తన చోటికి వచ్చి వంగాడు. సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ, భుజం మీద సుత్తీ, చేతిలో వంపు సరిచేసే దిమ్మా పట్టుకుని రేకుల మేస్త్రి ప్రత్యక్షమయ్యాడు.

"తప్పుకోండి, తప్పుకోండి! బాబాయ్, బల్ల మీంచి చెయ్యి తియ్యి. అరగంటలో గుండ్రంగా చేసేస్తా."

బాబాయ్ చెయ్యి బిళ్ల మీద ఆగిపోయింది. అరగంట. అరగంట ఆగితే మళ్లీ ఆ మూడుచోట్లూ తనవే. మేనేజరు కళ్లెదుట, ఇంతమంది కళ్లెదుట, మళ్లీ ఎవరూ ఓడించలేని బాబాయ్ అవుతాడు. ఈ నాలుగు రోజుల్లో పోయిన పరువంతా వడ్డీతో సహా తిరిగొస్తుంది. పిన్ని వైపు చూశాడు. పిన్ని ఆ సుత్తి వంకే చూస్తోంది. ఆవిడ వద్దనలేదు. ఇది ఆయన బల్ల.

"కాస్త ఆగు మేస్త్రీ," అన్నాడు బాబాయ్. "ముందు ఇది ఎటు పోతుందో చూడనీ."

తోశాడు. బిళ్ల గుండ్రం మీద తగిలింది, చదును మీద తగిలింది, సందు ముందునుంచి అడ్డంగా దూసుకుపోయింది. జనం లెక్కపెడుతున్నారు. బాబాయ్ కూడా లెక్కపెడుతున్నాడు, అందరికంటే గట్టిగా. అది ఎటు తిరిగితే ఆయన భుజం అటు వంగుతోంది. "అటు కాదే, అటు కాదే తల్లీ, ఇటు రా" అని బిళ్లని బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. మేనేజరు లెక్కకి ఇంకా రెండు తక్కువ. ఇంకా ఒకటి తక్కువ. బిళ్ల చదును మీదనుంచి నెమ్మదిగా వెనక్కి వచ్చి, అంచు తగలకుండా, సందులోంచి జారిపోయింది.

మైదానం దద్దరిల్లింది. మేనేజరు రెండు చేతులూ పైకెత్తి చిన్నపిల్లాడిలా గెంతాడు. బాబాయ్ రెండు చేతులతో తల పట్టుకుని, "అయ్యో! ఒక్క దెబ్బ! ఒక్కటంటే ఒక్క దెబ్బ!" అని అరిచాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడిపోయినందుకు కాదు. చాలా ఏళ్ల తర్వాత ఆ బల్ల దగ్గర ఆయనకి ఆనందం వేసింది, అంతే.

"ఈ చోటు నీదే బాబాయ్, వచ్చే ఏడు కూడా" అన్నాడు మేనేజరు రొప్పుతూ. 

"సరే, ఆట అయిందిగా" అంటూ మేస్త్రి సుత్తి ఎత్తి కట్టు మీదికి వంగాడు.

బాబాయ్ ఒక్క అంగలో వెళ్లి చదును పక్కకి అడ్డంగా నిలబడ్డాడు. "దీన్ని ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు!"

"ఇదెక్కడి గోలయ్యా! నువ్వేగా రమ్మని నా ప్రాణం తోడేశావు?"

"తోడేశాను. తప్పయింది. ఇన్నేళ్లూ పొద్దున లేస్తే సాయంత్రం ఏం జరుగుతుందో నాకు తెలిసిపోయేది మేస్త్రీ. ఇవాళ తెలియలేదు. రేపూ తెలియదు. ఆ సుత్తి అవతల పెట్టి, వచ్చావు కనక ఓ ఆట ఆడి పో."

మేస్త్రి తల గోక్కున్నాడు. బాబాయ్ ఆయన రెక్క పట్టుకుని జనంలోంచి బయటికి, జెయింట్ వీల్ మెట్ల దాకా తీసుకెళ్లి వరస చివర నిలబెట్టాడు. నిలబెట్టి, వెనక్కి రాకుండా ఆయన వెనకే తనూ నిలబడ్డాడు.

"ఏమండీ!" పిన్ని బల్ల దగ్గర్నుంచి కేకేసింది. "మీరక్కడ ఉంటే ఇక్కడ ఎవరు ఆడతారు?"

"నువ్వాడు! నా వంతు వచ్చేదాకా నువ్వే ఆడు!"

"నాకు రాదండీ!"

"నాకు మాత్రం వచ్చా?" అని అరిచాడు బాబాయ్.

పిన్ని చీర కొంగు నడుముకి దోపుకుని బిళ్ల అందుకుంది. బాబాయ్ ముందున్నవాళ్ల భుజాల మీదుగా మునికాళ్ల మీద లేచి, అది ఎటు పోతుందో కనిపిస్తుందేమోనని చూస్తున్నాడు.